ఓఈటీకి చదువుతూ కెన్, మే, మస్ట్, షుడ్ తేల్చుకున్న నా అనుభవం

యూకే వెళ్దామని ఓఈటీ అనే ఇంగ్లీష్ టెస్ట్‌కి చదువుతున్న మన నర్సులు నాకు మెసేజ్ పెడితే వొకాబులరీ గురించో యాక్సెంట్ గురించో అడుగుతారు, కెన్, మే, మస్ట్ లాంటి మోడల్ వెర్బ్స్ గురించి మాత్రం దాదాపు ఎవరూ అడగరు. అవి స్కూల్లోనే అయిపోయాయి కదా అనుకుంటారు. నా ప్రిపరేషన్ మొత్తంలో ఎక్కువ టైం పట్టిందీ, ఇక్కడికొచ్చాక రోజూ పనికొస్తున్నదీ ఈ చిన్న చిన్న మాటలే. అందుకే నేను వీటిని ఎలా తేల్చుకున్నానో మొదట్నుంచి రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, ఆ తర్వాత పోస్ట్ బేసిక్ అనే నర్సింగ్ డిగ్రీ. విజయవాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో మెడికల్ వార్డులో చేశాను. కేస్ షీట్ ఇంగ్లీషులో రాస్తాం, డాక్టర్ గారితో సగం ఇంగ్లీషు సగం తెలుగు, పేషెంట్లతో మొత్తం తెలుగే. అంటే మందుల పేర్లు, జబ్బుల పేర్లు, టెస్టులు అన్నీ ఇంగ్లీషులో నోటికొచ్చు, కానీ ఒక పెద్దాయన్ని ఇంగ్లీషులో "ఇది చేయించుకుంటారా" అని అడగాల్సిన పని డ్యూటీలో ఎప్పుడూ పడలేదు. మోడల్స్ అసలు పని ఉండేది సరిగ్గా అక్కడే.

ఓఈటీ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. ఇది హెల్త్ ఫీల్డ్‌లో పనిచేసేవాళ్ల కోసమే పెట్టిన ఇంగ్లీష్ టెస్ట్, 12 ప్రొఫెషన్లకి ఉంది, అందులో నర్సింగ్ ఒకటి. యూకే నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ దీన్ని 2017 నవంబర్ నుంచి ఒప్పుకుంటోంది. నేను రాసినప్పుడు లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350, రైటింగ్‌లో 300 రావాలి. స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి సుమారు 5 నిమిషాలు, పేషెంట్ ఎవరో, మనం ఏం చెయ్యాలో రాసున్న కార్డు ఇచ్చి, చదువుకోడానికి ముందు ఓ 3 నిమిషాలు ఇస్తారు. ఎదురుగా ఉన్న మనిషి పేషెంట్‌లా మాట్లాడతారు, మార్కులు మాత్రం వాళ్లు వెయ్యరు, తర్వాత రికార్డింగ్ విని అసెసర్లు వేస్తారు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఏంటంటే గ్రామర్, ఫ్లూయెన్సీ లాంటివాటికి ఒక సెట్ మార్కులు, పేషెంట్‌తో ఎలా మసులుకున్నావు, వాళ్ల భయం కనుక్కున్నావా, వాళ్లకి అర్థమయ్యేలా చెప్పావా అనేదానికి ఇంకో సెట్ మార్కులు ఉంటాయి. "యూ మస్ట్ స్టాప్ స్మోకింగ్" అన్నారనుకోండి, గ్రామర్‌లో వంక పెట్టడానికేం లేదు, కానీ రెండో సెట్‌లో దెబ్బ పడుతుంది. మోడల్ వెర్బ్ రెండు చోట్లా లెక్కకొచ్చే మాట.

స్కూల్లో మనకి నేర్పిన పట్టిక గుర్తుందా. కెన్ అంటే గలను, మే అంటే వచ్చు, మస్ట్ అంటే తప్పక, షుడ్ అంటే ఆలి, కుడ్ అంటే కెన్‌కి పాస్ట్, వుడ్ అంటే విల్‌కి పాస్ట్. అసలైన మోడల్స్ తొమ్మిదే అని లెక్క చెప్తారు, కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. వీటికి చివర ఎస్ రాదు, వెనక టు రాదు, తర్వాత వచ్చే క్రియ మామూలు రూపంలోనే ఉంటది, రూల్స్ అంతే, ఒక్క పూటలో వచ్చేస్తాయి. హ్యావ్ టు, నీడ్ టు, ఆట్ టు, బీ ఏబుల్ టు లాంటివి వీటి పక్కనే తిరుగుతూ ఉంటాయి. రూపం నేర్చుకోడం తేలికే, ఏది ఎక్కడ పెట్టాలనేదే కష్టం, ఆ విషయం పట్టికలో ఉండదు. తెలుగులో "వచ్చు" ఒక్కటి తీసుకుంటే దానికి కెన్, కుడ్, మే, మైట్ నాలుగూ సరిపోతాయి. "ఆలి" తీసుకుంటే మస్ట్, షుడ్, హ్యావ్ టు, నీడ్ టు నాలుగూ సరిపోతాయి. మరి నాలుగింట్లో ఏది?

మా ట్రైనర్ మేడమ్ దీనికి రెండు ప్రశ్నలు చెప్పారు. నోరు తెరిచే ముందు, ఇది జరుగుతుందని నాకు ఎంత ఖచ్చితంగా తెలుసు? ఇది చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం ఎవరిది? నాకు తెలిసినంతలో మోడల్స్ మొత్తం ఈ రెండు ప్రశ్నల మీదే నిలబడి ఉన్నాయి. మొదటి ప్రశ్నలో మైట్, కుడ్, మే అన్నీ దగ్గర దగ్గరగా కింద మెట్ల మీద, షుడ్ వాటికి పైన, విల్, మస్ట్ అన్నిటికన్నా పైన. రెండో ప్రశ్నలో నిర్ణయం పేషెంట్‌దైతే కుడ్, మైట్, వుడ్, డాక్టర్ సలహా అయితే షుడ్, ప్రాణం మీదికొచ్చేదో చట్టం ఒప్పుకోనిదో అయితే మస్ట్.

చెప్పడం సులువు, నాలిక మీదికి రావడానికే ప్రాక్టీస్ కావాలి. నా రూమ్మేట్ కూడా ఓఈటీకే చదువుతుండేది, నైట్ డ్యూటీ లేని రోజుల్లో ఇద్దరం కూర్చుని కార్డులు మేమే తయారు చేసుకునేవాళ్లం. అందులో ఒక కార్డు ఇది. 58 ఏళ్ల ఆయనకి కొత్తగా షుగర్ బయటపడింది, డాక్టర్ మెట్‌ఫార్మిన్ రాశారు, పక్కింటాయనెవరో ఆ మాత్ర కిడ్నీలు పాడు చేస్తుందని చెప్తే ఈయన వేసుకోనంటున్నాడు. నర్సు పని ఆయన భయమేంటో కనుక్కోవడం, మాత్ర గురించి చెప్పడం, మళ్లీ ఎప్పుడు రావాలో మాట్లాడుకోవడం. మేడమ్ చెప్పినట్టు ఇదే కార్డుని రెండు రకాలుగా చేసేవాళ్లం, ఒకసారి మొత్తం మస్ట్‌తో, ఒకసారి ఎక్కడికి ఏది కావాలో చూసుకుని. నేను పేషెంట్‌గా కూర్చుని విన్నప్పుడే నాకు అసలు తేడా తెలిసింది. "యూ మస్ట్ టేక్ ఇట్ ఎవ్రీ డే, యూ మస్ట్ టేక్ ఇట్ విత్ ఫుడ్, యూ మస్ట్ కమ్ బ్యాక్ ఇన్ టూ వీక్స్" అని వరసగా వింటుంటే నా నోట్లోంచి దానంతటదే "నేను వేసుకోను" అనే మాట వచ్చేసింది, నేను నటిస్తున్నానని తెలిసినా సరే. రెండోసారి తను "కుడ్ యూ టెల్ మీ వాట్ వర్రీస్ యూ అబౌట్ ఇట్?" అని మొదలుపెట్టింది. నేను కిడ్నీల సంగతి చెప్పా. తను ఈ మాత్ర కిడ్నీల ద్వారానే బయటికి పోతుందనీ, అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా కిడ్నీ టెస్ట్ చేస్తారనీ చెప్పి, ఆపైన "ఇట్ కెన్ అప్‌సెట్ ద స్టమక్, సో ఇట్స్ బెస్ట్ టేకెన్ విత్ ఫుడ్. యూ మైట్ గెట్ లూజ్ మోషన్స్ ఇన్ ద ఫస్ట్ ఫ్యూ డేస్, బట్ దట్ షుడ్ సెటిల్" అంది.

ఈ చివరి రెండు వాక్యాల్లో మూడు మోడల్స్ ఉన్నాయి చూడండి, ఒక్కోటి ఒక్కో పని చేస్తోంది. కెన్ అంటే ఆ మందుకి ఆ గుణం ఉంది, ఎవరికైనా జరగొచ్చు, మందు గురించి లోకానికి తెలిసిన విషయం. మైట్ అంటే ఈ ఎదురుగా ఉన్న మనిషికి జరిగితే జరగొచ్చు, జరక్కపోనూ వచ్చు. షుడ్ ఇక్కడ సలహా కానే కాదు, మామూలుగా ఇలా జరగాలి అనే అంచనా. మనం తెలుగులో "రెండు మూడు రోజుల్లో తగ్గిపోవాలండి" అంటాం చూశారా, ఆ "తగ్గిపోవాలి" కూడా ఆర్డర్ కాదు కదా, అంచనాయే. షుడ్ అంటే సలహా అని ఒక్కటే బట్టీ పట్టినవాళ్లకి "ద ఊండ్ షుడ్ హీల్ ఇన్ టూ వీక్స్" అనే వాక్యం వింతగా కనపడుతుంది, తెలుగులో "మానిపోవాలి" అని మనసులో అనుకుంటే అస్సలు వింత లేదు.

అదే చోట విల్ పెడితే ఏమవుద్ది? "ఇట్ విల్ సెటిల్, యూ విల్ బి ఫైన్." మన వార్డుల్లో "ఏం కాదు పెద్దమ్మా, తగ్గిపోద్దిలే" అనడం మనకి బాగా అలవాటు, ఆ మాటలో ఉండే ఆప్యాయత నాకు ఇప్పటికీ ఇష్టమే, ఆ మాట విని ధైర్యం తెచ్చుకున్నవాళ్లని ఎంతోమందిని చూశాను. కానీ ఇంగ్లీషులో, అందులోనూ ఈ పరీక్షలో, విల్ అంటే మాట ఇచ్చినట్టు. రేపు తగ్గకపోతే ఆ మాట మన మీదే ఉంటది. ధైర్యం చెప్పాలంటే మనం చెయ్యబోయేదానికి విల్ వాడాలి, జబ్బు చెయ్యబోయేదానికి షుడ్, మైట్ వాడాలి. "ఐ విల్ చెక్ ఆన్ యూ ఎగైన్ ఇన్ యాన్ అవర్", ఇది నా చేతిలో ఉంది కాబట్టి మాట ఇవ్వొచ్చు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం "అండి". తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటది. "చెయ్యి చాపండి" అంటే గౌరవం, "చెయ్యి చాపు బాబాయ్" అంటే చనువు, "చెయ్యి చాపమ్మా" అంటే ఇంకో రకం. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యూ, క్రియకి తగిలించడానికి "అండి" లేదు. అందుకే ఆ పనంతా కుడ్, వుడ్ మీద పడింది. మనం ప్లీజ్ పెట్టేస్తే సరిపోద్ది అనుకుంటాం, "ప్లీజ్ రోల్ అప్ యువర్ స్లీవ్" అంటే ప్లీజ్ ఉన్నా ఆర్డర్ ఆర్డరే. "కుడ్ యూ రోల్ అప్ యువర్ స్లీవ్ ఫర్ మీ?" అంటే అప్పుడు "కాస్త చొక్కా చెయ్యి పైకి మడుస్తారా అండి" అన్నట్టు. ఇక్కడ కుడ్ పాస్ట్ కాదు, మర్యాద. పాస్ట్ రూపానికి మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చింది అని మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అడిగితే మేడమ్ చెప్పింది నాకు ఎప్పటికీ గుర్తుంటది. మన తెలుగులో లేదా, పెద్దవాళ్ల దగ్గర ఏదైనా అడగాలంటే "మీతో ఒక మాట చెబుదామనుకున్నానండి" అంటాం, ఇప్పుడే కదా చెప్తున్నాం, "అనుకుంటున్నాను" అనకుండా "అనుకున్నాను" అని ఎందుకంటాం? కొంచెం వెనక్కి జరిగి నిలబడితే ఎదుటివాళ్లకి కాదనడానికి జాగా ఉంటదని. కెన్ బదులు కుడ్, విల్ బదులు వుడ్, సరిగ్గా అదే పద్ధతి. ఆ రోజు నుంచి పేషెంట్‌ని ఏదైనా చెయ్యమనే ప్రతి చోటా ముందు తెలుగులో "అండి"తో అనుకునేదాన్ని, ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు కుడ్ యూ, వుడ్ యూ వాటంతటవే వచ్చేవి. ఒంటి మీద చెయ్యి వేసే ముందు పర్మిషన్ అడగడానికైతే "వుడ్ ఇట్ బి ఆల్‌రైట్ ఇఫ్ ఐ చెక్డ్ యువర్ బ్లడ్ ప్రెషర్?" అని ఒక్క వాక్యం నాలిక మీద పెట్టుకున్నా, బీపీ ప్లేస్‌లో ఏదైనా మార్చుకోవచ్చు.

తెలుగు సాయం చేసే ఇంకో చోటు నెగెటివ్స్. మస్ట్, హ్యావ్ టు పాజిటివ్‌లో దాదాపు ఒకే అర్థం, నెగెటివ్‌లోకి వచ్చేసరికి రెండూ రెండు దిక్కులకి పోతాయి. మస్ట్ నాట్ అంటే కూడదు, డోంట్ హ్యావ్ టు అంటే అక్కర్లేదు. ఇది కలిస్తే హాస్పిటల్‌లో నిజంగా ప్రమాదం. ఇన్సులిన్ పెన్ను తీసుకోండి. వాడుతున్న పెన్ను ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, కానీ డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే ఆ ఇన్సులిన్ పారెయ్యాల్సిందే. "యూ డోంట్ హ్యావ్ టు కీప్ ద పెన్ ఇన్ ద ఫ్రిజ్, బట్ యూ మస్ట్ నాట్ ఫ్రీజ్ ఇట్." ఒకే వాక్యంలో రెండూ. విజయవాడ ఎండల్లో బయట పెట్టడం వేరే సంగతి, అక్కడ 30 డిగ్రీల లోపు ఉండే చోటు వెతుక్కోవాలి, అది పక్కన పెడదాం. తెలుగులో "అక్కర్లేదు"కీ "కూడదు"కీ తేడా మూడేళ్ల పిల్లలకి కూడా తెలుసు, ఎవరూ పొరబడరు. అందుకని నేను చేసిన పని ఏంటంటే ఇంగ్లీష్ మోడల్‌కి తెలుగు అర్థం రాసుకోవడం మానేసి, తెలుగు క్రియ తోకలు ఒక పక్క రాసుకుని వాటికెదురుగా ఇంగ్లీష్ రాసుకున్నా. అక్కర్లేదు, కూడదు, రాకపోవచ్చు, రావచ్చు, రావాల్సింది, వచ్చి ఉండొచ్చు, వచ్చే ఉంటాడు, రాగలిగాడు, ఇలా. దిక్కు మారేసరికి సగం గందరగోళం పోయింది, ఎందుకంటే మనం ఆలోచించేది తెలుగులో కదా, బయల్దేరేది అక్కణ్ణుంచే.

"మే నాట్" సంగతి చూడండి. "ద పేషెంట్ మే నాట్ ఈట్" అంటే తినకపోవచ్చు అనా, తినకూడదు అనా? ఇంగ్లీషులో రెండూ వస్తాయి. తెలుగులో రెండు వేరువేరు మాటలు ఉన్నాయి కాబట్టి మనకి అనుమానం వెంటనే పట్టుబడుతుంది, అనుమానం ఉన్న మాట మనం రాయకుండా ఉండొచ్చు. ఆపరేషన్ ముందు కడుపు ఖాళీగా ఉండాలి అని చెప్పాలంటే "మస్ట్ నాట్ ఈట్", ఆకలి లేదు తినకపోవచ్చు అని చెప్పాలంటే "మైట్ నాట్ ఈట్". అలాగే గుండెనొప్పికి నైట్రేట్ స్ప్రే వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోద్ది. అక్కడ మర్యాదకని షుడ్‌కి దిగడం, మైట్ కలపడం అస్సలు వద్దు, మస్ట్ నాట్ అనే చెప్పాలి. ఈ సంగతి గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మస్ట్ వాడితే మార్కులు పోతాయని కొన్ని కోచింగ్‌లలో చెప్తున్నారంట, మా జూనియర్లు అంటుంటే విన్నా. అది సగం నిజమే. మస్ట్ అలవాటుగా వాడితే మొరటు, అవసరమైన చోట వాడకపోతే ప్రమాదం.

రైటింగ్ గురించి కొంచెం. నర్సింగ్‌లో కేస్ నోట్స్ ఇస్తారు, 5 నిమిషాలు చదవడానికి, 40 నిమిషాలు రాయడానికి, 180 నుంచి 200 పదాల్లో ఒక లెటర్, ఎక్కువగా రిఫరల్‌దో డిశ్చార్జ్‌దో. ఇక్కడ మూడు చోట్ల మోడల్ చూసుకోవాలి. లెటర్ ఎవరికి రాస్తున్నామో వాళ్లని "యూ షుడ్ విజిట్ హర్" అనకూడదు, "ఇట్ వుడ్ బి అప్రీషియేటెడ్ ఇఫ్ యూ కుడ్ విజిట్ హర్" అని రాస్తాం, ఎందుకంటే వాళ్లు మనలాంటి ప్రొఫెషనల్సే, నిర్ణయం వాళ్లది. రెండోది, నోట్స్‌లో లేనిదాన్ని ఊహించి "మస్ట్ హ్యావ్" పెట్టకూడదు. ఆయన భార్య స్ట్రిప్‌లో మాత్రలు మిగిలున్నాయి అని చెప్పింది అనుకోండి, "హీ మస్ట్ హ్యావ్ మిస్డ్ డోసెస్" అంటే మానేసే ఉంటాడని మనం తీర్పు ఇచ్చినట్టు, "హీ మే హ్యావ్ మిస్డ్ సమ్ డోసెస్" అంటే చూసిన దాని వరకే చెప్పినట్టు, మిగతాది అవతలివాళ్లు కనుక్కుంటారు. మూడోది, పాస్ట్‌లో ఒకసారి సాధించినదానికి కుడ్ కుదరదు. ఆపరేషన్ అయిన రెండో రోజు వాకర్‌తో 10 మీటర్లు నడిచాడు అంటే "హీ వజ్ ఏబుల్ టు వాక్". జబ్బు రాకముందు మామూలుగా నడిచేవాడు, నడవగలిగేవాడు అంటే అప్పుడు కుడ్. నడవలేకపోయాడు అంటే మాత్రం కుడెంట్ పర్లేదు, రెంటికీ సరిపోద్ది. తెలుగులో "నడవగలిగాడు" అంటే వజ్ ఏబుల్ టు, "నడవగలిగేవాడు" అంటే కుడ్ అని పెట్టుకుంటే ముడి పడిపోతుంది.

పరీక్ష అయింది, అక్కర్లేని వివరాలు వదిలేస్తా, యూకేలో నర్సుగా రిజిస్టర్ అవ్వడానికి పెట్టే కంప్యూటర్ పరీక్ష సీబీటీ, ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ కూడా అయ్యాయి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉత్తరం వైపు ఒక హాస్పిటల్‌లో వార్డులో చేస్తున్నా. వచ్చాక మోడల్స్ మీద నా గౌరవం ఇంకా పెరిగింది. ఇక్కడ ఇది ఇంగ్లీష్ టీచర్లు మాత్రమే పట్టించుకునే విషయం కాదు, పద్ధతిగా రాసిపెట్టుకున్న విషయం. వైద్య గైడ్‌లైన్స్ తయారు చేసే నైస్ అనే సంస్థ ఉంది, వాళ్ల సిఫార్సుల్లో మస్ట్ అనే మాట ఊరికే పెట్టరు, చట్టప్రకారం చెయ్యాల్సినదైతేనో, చెయ్యకపోతే చాలా తీవ్రమైన నష్టం ఉంటేనో మాత్రమే. గట్టి సాక్ష్యం ఉన్న సిఫార్సుకి "ఆఫర్" అని, సాక్ష్యం అంత గట్టిది కాకపోతే "కన్సిడర్" అని రాస్తారు. అంటే షుడ్‌కి, కుడ్‌కి బదులు నేరుగా క్రియలే పెట్టుకున్నారు, చదివే డాక్టర్‌కి, నర్సుకి ఆ ఒక్క మాట చూస్తేనే ఎంత బలమైన సలహానో తెలిసిపోద్ది. మా ఎన్ఎంసీ కోడ్ అయితే ప్రతి నియమం కింద "యూ మస్ట్" అనే మొదలవుతుంది, ఎందుకంటే అది పేషెంట్‌తో మాట్లాడే కాగితం కాదు, రిజిస్టర్‌లో ఉన్న నర్సు మీద ఉన్న బాధ్యత. ఎవరి నిర్ణయం అన్న ప్రశ్న మళ్లీ ఇక్కడికే వచ్చింది చూశారా.

ఇక్కడి మందుల డబ్బాల మీద లేబుల్స్ కూడా చూడండి. ఒకప్పుడు నిద్రమత్తు వచ్చే మందుల మీద "మే కాజ్ డ్రౌజీనెస్" అని ఉండేదంట, 2011లో ఆ హెచ్చరికలన్నీ మామూలు జనానికి అర్థమయ్యేలా తిరగరాసినప్పుడు "దిస్ మెడిసిన్ మే మేక్ యూ స్లీపీ" అయింది. కష్టమైన మాట మార్చారు, మే మాత్రం కదపలేదు, ఎందుకంటే అందరికీ నిద్ర రాదు కాబట్టి అక్కడ విల్ పెడితే అబద్ధం అవుద్ది. డబ్బాలో మడిచిపెట్టే కాగితంలో సైడ్ ఎఫెక్ట్స్ దగ్గర కూడా మే ఉంటది, కాకపోతే పక్కనే అంకె ఉంటది. వెరీ కామన్ అంటే 10 మందిలో ఒకరి కన్నా ఎక్కువమందికి, కామన్ అంటే 10 మందిలో ఒకరి వరకు, రేర్ అంటే 1,000 మందిలో ఒకరి వరకు, అన్నిటికీ మాట ఒకటే, "మే అఫెక్ట్". పేషెంట్లు ఆ కాగితం చదువుకుని భయపడి అడిగితే నేను మే అనే మాటని ఇంకో మోడల్‌తో వివరించడానికి చూడను, ఆ అంకె చదివి చెప్తా, చాలా తొందరగా తేరుకుంటారు.

ఇంగ్లీషులో మస్ట్ వాడకం ఎలా తగ్గుతూ వచ్చిందో కూడా ఇక్కడికొచ్చాకే వెతికి చదివా. లాంకాస్టర్ యూనివర్సిటీలో జెఫ్రీ లీచ్ అనే భాషా శాస్త్రవేత్త 1961 నాటి బ్రిటిష్ రాతల్ని, 1991 నాటి రాతల్ని పది పది లక్షల పదాల చొప్పున పక్కపక్కన పెట్టి లెక్క కడితే, మస్ట్ వాడకం దాదాపు 29 శాతం తగ్గింది, షల్ అయితే నలభై శాతం పైనే తగ్గింది. మన దగ్గర చాలా గ్రామర్ పుస్తకాలు ఇంకా ఐ షల్, వి షల్ అని మొదలుపెడతాయి. నేను వార్డులో షల్ వినేది ప్రశ్నల్లోనే, "షల్ వి సిట్ యూ అప్?", "షల్ ఐ డ్రా ద కర్టెన్?", అంటే "లేపి కూర్చోబెట్టమంటారా", "కర్టెన్ వెయ్యమంటారా" అని, ఆ వాడకం మాత్రం చాలా అందంగా ఉంటది, నేను రోజూ వాడతా. మస్ట్ ఉండే చోట ఎక్కువగా నీడ్ టు, హ్యావ్ టు వింటా. "యూ నీడ్ టు కీప్ దిస్ లెగ్ అప్" అంటే ఆర్డర్ నర్సు నుంచి వచ్చినట్టు ఉండదు, కాలి అవసరం అది అన్నట్టు ఉంటది.

హ్యాండోవర్‌లో నేను బాగా జాగ్రత్తపడే మాట "షుడ్ హ్యావ్". డ్యూటీ మారేటప్పుడు ఎవరైనా "ద యాంటీబయాటిక్ షుడ్ హ్యావ్ బీన్ గివెన్ ఎట్ ఎయిట్" అంటే దానికి రెండు అర్థాలు. ఒకటి, 8 గంటలకి ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. రెండు, 8కి ఇచ్చే ఉంటారు, నాకు తెలిసినంతలో. ఒకదాన్ని ఇంకోటిగా తీసుకుంటే పేషెంట్‌కి డోసు డబుల్ అవ్వొచ్చు, అసలు పడకుండానూ పోవచ్చు. అందుకని అది వినగానే చార్ట్ తీసి సంతకం చూస్తా, నేను చెప్పేటప్పుడు మాత్రం మోడల్ జోలికి పోకుండా "డ్యూ ఎట్ ఎయిట్, నాట్ గివెన్, క్యాన్యులా టిష్యూడ్" (8కి ఇవ్వాలి, ఇవ్వలేదు, సూది గొట్టం నరంలోంచి జారింది) అని జరిగింది జరిగినట్టు చెప్తా. కొన్ని చోట్ల సరైన మోడల్ ఏది అంటే మోడల్ లేకపోవడమే.

ఇంకో సంగతి, ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు, కొత్తగా వచ్చే మన పిల్లలకి తప్పకుండా చెప్తుంటా. ఇక్కడ సీనియర్లు, కన్సల్టెంట్లు (అంటే పెద్ద డాక్టర్లు) అర్జెంట్ పనిని కూడా మెత్తగా చెప్తారు. "యూ మైట్ వాంట్ టు రిపీట్ హర్ పొటాషియం" అన్నారనుకోండి, మైట్ ఉంది కదా, నా ఇష్టమేమో, వీలున్నప్పుడు చూద్దాం అనుకోకూడదు. దాని అర్థం "పొటాషియం మళ్లీ చెయ్యి". మన దగ్గర పెద్ద డాక్టర్ గారు రౌండ్స్‌లో "సిస్టర్, పొటాషియం ఒకసారి చూడండమ్మా" అంటే ఎలా పరిగెడతామో అలాగే పరిగెత్తాలి. మైట్ అక్కడ సందేహం కాదు, తోటి మనిషికి ఇచ్చే మర్యాద. అయినా ఎంత అర్జెంటో మాటలో తెలియడం లేదు కాబట్టి నేను ప్రతిసారీ తిరిగి అడుగుతా, "వుడ్ యూ లైక్ మీ టు సెండ్ ఇట్ నౌ, ఆర్ విత్ ద మార్నింగ్ బ్లడ్స్?" అని. జవాబు ఎప్పుడూ సూటిగానే వస్తది, నౌ అంటే నౌ, మార్నింగ్ అంటే మార్నింగ్, అడిగినందుకు ఇప్పటిదాకా ఎవరూ విసుక్కోలేదు.